ఆ నల్లచుక్కలు బాతులేనా?

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. పొడుగ్గా, అక్కడక్కడా ఉక్రోషంగా రాశారు. కుదించి చెబుతాను.

ఆమెకు పక్షులను చూడడం నేర్పింది అక్క. అక్కకు ఇప్పుడు అరవై దాటాయి, మోకాళ్లు అరిగాయి, చలికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. పోయిన శీతాకాలంలో ఇద్దరూ సముద్రపు బాతుల కోసం ఒక ఉత్తర తీరానికి వెళ్లారు. రెండు రోజులు ఈదురుగాలిలో నిలబడితే కనిపించినవల్లా అలల మీద నల్లచుక్కలు. అవి స్కోటర్లని, అంటే నల్లటి సముద్రపు బాతులని చెల్లెలు చెబితే, "బాతులని నువ్వంటున్నావు, నాకు మాత్రం చుక్కలే" అన్నదట అక్క. తిరుగు ప్రయాణంలో ఇద్దరి మధ్యా మాటలు లేవు. ఈసారి మార్చిలో చెల్లెలికి వారం సెలవు దొరికింది. నార్వే ఈశాన్య కొసన ఉన్న వరాంగర్ ఫ్యోర్డ్‌కు (నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) వెళ్లి స్టెల్లర్స్ ఈడర్, కింగ్ ఈడర్ అనే సముద్రపు బాతులను చూడాలని ఆశ. "నేనూ వస్తాను, కాకపోతే ఈసారి కూర్చుని చూద్దాం" అంది అక్క. ఈలోగా పక్షుల స్నేహితుడొకాయన ఫోన్ చేసి, ఒక పూట ప్రయాణంలో ఉన్న తీరంలోనే మామూలు ఈడర్ల గుంపులో ఒక ఆడ కింగ్ ఈడర్ తేలిందని, నార్వేదాకా పోవడం దండగని, రేపే బయల్దేరమని చెప్పాడు. అక్క కొడుకేమో పడవ మాట్లాడదాం, అమ్మ నిలబడక్కర్లేదు, బాతుల పక్కకే పోవచ్చు అంటున్నాడు. "అక్కను తీసుకెళితే నాకు పక్షి దక్కదు. వదిలి వెళితే మొహం చెల్లదు. ఏం చేయను?" అని ముగించారు.

మీ ఉత్తరంలో ఏ పక్షి, ఏ తీరం, ఎవరితో అన్న మూడూ చిక్కుపడి ఉన్నాయి. వాటిని విడదీయాలంటే పోయినేటి నల్లచుక్కల దగ్గర మొదలుపెట్టాలి. అక్క ఓపిక లేకపోవడం వల్లే ఆ ప్రయాణం చెడిందన్న నమ్మకం ఉత్తరమంతా కనిపిస్తోంది. కానీ మీరు రాసిన వివరాలే ఆ మాటకు ఒప్పుకోవడం లేదు.

సముద్రం మీద నుంచి గాలి మీ మొహానికి కొడుతోందన్నారు, అలలు మనిషెత్తు లేచాయన్నారు. అలాంటి రోజున బాతు అల మీద ఉండే సమయం కంటే రెండు అలల నడుమ పల్లంలో ఉండే సమయమే ఎక్కువ. దానికితోడు సముద్రపు బాతులు మునిగి తినేవి. అడుగున ఉన్న ఆల్చిప్పలను పెంకుతో సహా మింగి, కందనకాయలో నుగ్గు చేసుకుంటాయి. ఒక్కో మునక అర నిమిషమో ఇంకాస్తో పడుతుంది. తరచూ గుంపంతా ఒకేసారి మునుగుతుంది కాబట్టి, మీరు స్కోప్ (ట్రైపాడ్ మీద పెట్టి చూసే దుర్బిణి) తిప్పేలోపు ఖాళీ నీళ్లు మిగులుతాయి. మీరేమో అరవై రెట్ల జూమ్ పెట్టారు. జూమ్ పెంచితే పక్షితోపాటు ట్రైపాడ్ వణుకూ అంతే పెద్దదవుతుంది. అటువంటి చోట ఇరవై ఏళ్ల కుర్రాడు నిలబడినా చుక్కలే చూసేవాడు.

ఇంకో మాట. అవి స్కోటర్లని రాశారే గానీ ఏ స్కోటరో రాయలేదు. వెల్వెట్ స్కోటర్ అయితే రెక్క విప్పినప్పుడు తెల్లటి పట్టీ కనబడాలి. సర్ఫ్ స్కోటర్ మగదైతే మెడ వెనక తెల్లమచ్చ ఉండాలి. మామూలు స్కోటర్ మునిగేటప్పుడు చాలాసార్లు రెక్కలు ముడుచుకుని చిన్నగా ఎగిరి మునుగుతుంది, వెల్వెట్ రెక్కలు కాస్త విప్పి మునుగుతుంది. వీటిలో ఒక్కటి చూసినా మీరు రాయకుండా ఉండేవారు కాదు. కాబట్టి ఆ రోజు నోటుపుస్తకంలో ఎక్కాల్సిన నిజాయితీ గల మాట మీ అక్కదే. మిమ్మల్ని నొప్పించడానికి చెప్పడం లేదు. ఆ మాట గుచ్చుకుని మీరు ఏడాదిగా మోస్తున్నారు గనుక, అది వెక్కిరింత కాకపోయి ఉండవచ్చని చెబుతున్నాను.

ఇక అరుదు సంగతి. మీ స్నేహితుడి దృష్టిలో ఏదైనా పక్షి ఉండకూడని చోట కనిపిస్తే అరుదు. మీరు వరాంగర్ వెళ్లాలనుకుంటున్నది మాత్రం ఎక్కడా పెద్దగా కనిపించని పక్షి గుంపుగా ఉండే చోటికి. రెండూ వేట లాంటివే అయినా వాటి లెక్కలు వేరు, అందుకే మీకు ఎటూ తేలడం లేదు. స్టెల్లర్స్ ఈడర్‌నే తీసుకోండి. 1741లో నావికుడు బేరింగ్ ఓడలో వెళ్లిన ప్రకృతి శాస్త్రజ్ఞుడు గెయోర్గ్ స్టెల్లర్ పేరు దానిది, శాస్త్రీయంగా వర్ణించింది పల్లాస్ అనే మరో ప్రకృతి శాస్త్రజ్ఞుడు, 1769లో. సైబీరియా, అలాస్కాల ధ్రువ తీరాల్లో గుడ్లు పెడుతుంది. ప్రపంచవ్యాప్తంగా ముప్పు పొంచి ఉన్న జాతుల జాబితాలో ఉంది. అయినా చలికాలంలో వరాంగర్ రేవుల్లోకి, పడవల మధ్యకి గుంపులుగా వస్తుంది. అన్ని ఈడర్లకూ ఈ మర్యాద లేదు. స్పెక్టకిల్డ్ ఈడర్ చలికాలం ఎక్కడ గడుపుతుందో 1995 దాకా ఎవరికీ తెలియదు. ఉపగ్రహ ట్రాన్స్‌మీటర్లు అమర్చి వెతికితే బేరింగ్ సముద్రంలో మంచు పలకల మధ్య తెరిచి ఉన్న నీళ్లలో దొరికాయి. అక్కడికి మీరూ నేనూ పోలేం. అరుదైన పక్షి కారు అద్దంలోంచి కనిపించే చోటికి వస్తున్నప్పుడు దాన్ని "దండగ" అనేవాళ్లతో నాకు పేచీయే.

అలాగని ఆ స్నేహితుడి మాట కొట్టిపారేయను. ఆయన చెప్పిన తీరానికి వెళితే ఏం జరుగుతుందో చూద్దాం. అక్కడున్నది ఒక్క ఆడ పక్షి, అదీ వందల మామూలు ఈడర్ల మధ్య. మగ కింగ్ ఈడర్‌కు నీలిబూడిద తల, నారింజ రంగు ముక్కుబుడిపె ఉంటాయి, దూరం నుంచే పట్టిస్తాయి. ఆడది గోధుమరంగు ఈడర్లలో గోధుమరంగు ఈడర్. ముక్కు పొట్టిగా ఉంటుంది, నోటి గీత పైకి వంగి నవ్వుతున్నట్టు ఉంటుంది, పక్కల ఈకల మీద అడ్డగీతల బదులు నెలవంకల్లాంటి గుర్తులుంటాయి. ఇవి కనబడాలంటే పక్షి దగ్గరగా ఉండాలి, నీళ్లు నిలకడగా ఉండాలి. "రేపే" వెళ్లి, రేపు గాలి ఉంటే, పోయినేటి ప్రయాణమే మళ్లీ చేసినట్టు అవుతుంది.

నిజానికి దగ్గరి తీరానికున్న పెద్ద బలాన్ని ఆయన చెప్పనే లేదు. రోజును మీరు ఎంచుకోవచ్చు. దారితప్పి వచ్చిన సముద్రపు బాతు మర్నాటికే మాయమవుతుందని భయపడనక్కర్లేదు. గుంపులో కుదురుకున్నాక వారాల తరబడి ఉండేవి ఉన్నాయి, ఏటా అదే తీరానికి తిరిగొచ్చేవీ ఉన్నాయి. స్కాట్లాండ్ పడమటి దీవుల్లో సౌత్ యూస్ట్ దగ్గర ఒక మగ స్టెల్లర్స్ ఈడర్ 1972 నుంచి 1984 దాకా ఉండిపోయింది. మీ పక్షి అన్నేళ్లు ఉంటుందని హామీ ఇవ్వలేను గానీ, వాతావరణ సూచన చూసుకుని గాలి తగ్గిన రోజుకు ఆగడం తప్పేమీ కాదు. ఆగినందుకు పక్షి వెళ్లిపోయే ప్రమాదం కొంత ఉంటుంది. వెళ్లి చూడలేకపోయే ప్రమాదం కంటే అది నాకు చిన్నదిగా కనిపిస్తుంది.

వరాంగర్‌కు వెళ్లాలనుకుంటే మార్చి మంచి ఎంపికే. అది డెబ్బయ్యవ అక్షాంశం. నవంబరు చివరి నుంచి జనవరి సగం దాటేదాకా అక్కడ సూర్యుడు ఉదయించడు. మార్చి మూడోవారానికి పగలు, రాత్రి సమానమవుతాయి, బాతులు ఇంకా వెళ్లవు, మగవి పూర్తి రంగుల్లో ఉంటాయి. ఏప్రిల్ గడిచేకొద్దీ తూర్పు దారి పట్టడం మొదలుపెడతాయి. వేసవి ఎండలు బాగుంటాయని జూలై, ఆగస్టుల్లో సముద్రపు బాతులకు బయల్దేరేవాళ్లను చూస్తే జాలేస్తుంది. అప్పటికి మగవి ఈకలు రాల్చి ఆడవాటిలాగే మాసిపోయి ఉంటాయి, కొన్ని వారాలు ఎగరనైనా ఎగరలేవు.

వెలుగు ఎటు నుంచి పడుతుందో ముందే చూసుకోండి, దీన్ని చాలామంది పట్టించుకోరు. వాడ్సో ఊరు ఫ్యోర్డ్ ఉత్తరపు గట్టున ఉంది, అంటే సముద్రం దక్షిణాన. మధ్యాహ్నం తక్కువ ఎత్తులో ఉన్న ఎండ నేరుగా కళ్లలోకి కొట్టి బాతులన్నీ నల్లగానే కనిపిస్తాయి. మళ్లీ చుక్కల గొడవ మొదలు. ఊరికి ఎదురుగా వంతెనతో కలిపిన వాడ్సోయా అనే దీవి ఉంది. దాని మీదికి వెళ్లి ఊరివైపు తిరిగి మధ్యనున్న జలసంధిని చూస్తే ఎండ వీపు మీద పడుతుంది. స్టెల్లర్స్ ఈడర్లకు ఆ చుట్టుపక్కల మంచి పేరుంది. వార్డో ఊరు ఉన్నదే ఒక దీవి మీద, సముద్రం కింది సొరంగంలోంచి కారులో వెళ్లవచ్చు. ఎటునుంచి గాలి కొట్టినా రెండోవైపు చాటు దొరకడం దీవి ఊళ్లతో ఉన్న సుఖం.

ఇప్పుడు కూర్చునే సంగతి. మీ అక్క పెట్టిన ఆ ఒక్క షరతును మీరు అడ్డంకిగా లెక్కేశారు. సముద్రపు బాతులను చూడడానికి అదే సరైన పద్ధతి. ట్రైపాడ్ కాళ్లు పొడవు తగ్గించి, మడత కుర్చీలో కూర్చుని చూస్తే వణుకు బాగా తగ్గుతుంది. ముప్పై రెట్ల దగ్గర ఆగితే అలల మధ్య పక్షి తప్పిపోదు. మునిగిన గుంపు మళ్లీ తేలేదాకా కళ్లు కదల్చకుండా కనిపెట్టుకుని ఉండగలిగేదీ కూర్చున్న మనిషే. రేవులో అయితే కారే చాలు. మనిషి దిగనంతసేపు బాతులు కారును లెక్కచేయవు. అద్దం దించి కిటికీ అంచుకు స్కోప్‌ను బిగించే క్లాంప్ దొరుకుతుంది. ఇంజన్ ఆపండి, హీటర్ కూడా. లోపలి వేడిగాలి కిటికీలోంచి బయటికి పోతుంటే స్కోప్‌లో దృశ్యమంతా నీళ్లలా కదిలిపోతుంది, చాలామంది దాన్ని లెన్సు లోపం అనుకుంటారు. దీనివల్ల అక్క వేళ్లకు ఇబ్బంది ఉంటుంది, కాదనను. పావుగంటో అరగంటో చూసి, అద్దం ఎత్తి హీటర్ వేసి, వేళ్లు కాగాక మళ్లీ చూడండి. లోపల పల్చటి గ్లోవ్స్, పైన వేళ్లన్నీ కలిసి ఉండే మిటెన్లు వేసుకుంటే ఫోకస్ తిప్పేటప్పుడు పైవి మాత్రమే తీస్తే సరిపోతుంది.

వరాంగర్ ద్వీపకల్పం ఉత్తర తీరంలోని బాట్స్‌ఫ్యోర్డ్ రేవులో ఫొటోలు తీసేవాళ్ల కోసం నీటి మీద తేలే హైడ్లు (పక్షులకు కనబడకుండా కూర్చునే గూళ్లు) ఉన్నాయి. కింగ్ ఈడర్లు కంటి ఎత్తులో, బాగా దగ్గరగా వస్తాయి. ఇది వింటే మీ అక్కకు కచ్చితంగా ఆశ పుడుతుంది, అందుకని రెండో పక్క కూడా చెప్పండి. తెల్లవారకముందే చిన్న పడవలో తీసుకెళ్లి దింపుతారు. మధ్యలో లేచి వచ్చేయడం తేలిక కాదు. పడవలోంచి హైడ్‌లోకి అడుగు వేయడానికి మోకాలు సహకరిస్తుందా, గంటల తరబడి టాయిలెట్ లేకుండా కుదురుతుందా అన్నవి బుక్ చేసేముందే నిర్వాహకులను అడగాల్సిన ప్రశ్నలు, సిగ్గుపడాల్సినవి కావు. బాట్స్‌ఫ్యోర్డ్ వెళ్లే కొండదారి మంచు తుఫానులో మూసేస్తారు, లేదా మంచు తీసే బండి వెనక కాన్వాయ్‌గా పంపుతారు. అక్కడికి వెళ్లే రోజు తర్వాత ఒక ఖాళీ రోజు లేకపోతే ఆ ఊరు పెట్టుకోకండి. తిరుగు విమానం ముందురోజు అసలే వద్దు.

వారంలో గాలి రెండు మూడు రోజులు ఆగకుండా కొట్టవచ్చు. ఆ దెబ్బకు సిద్ధపడే వెళ్లాలి. ఒక్కటి మాత్రం తేడా. అక్కడ పాడైన రోజున కూడా రేవు గోడ చాటున ఏదో ఒక ఈడర్ ఉంటుంది, లాంగ్‌టెయిల్డ్ డక్ మగవి ఉంటాయి. వాటి పిలుపు ఒకసారి విన్నాక మీ అక్క చుక్కల మాట ఎత్తదు. బైనాక్యులర్స్ దించేసి వినే పక్షి అది.

మీ అక్క కొడుకు పడవ ఆలోచన తల్లి మీద ప్రేమతో పుట్టింది, తోసిపుచ్చేముందు ఆ సంగతి గుర్తుంచుకోండి. కానీ బహిరంగ సముద్రంలో గుంపు మీదికి పడవ నడపడం నాకు సమ్మతం కాదు. స్కోటర్లు పడవను కిలోమీటరు అవతల నుంచే చూసి లేచిపోతాయి. మీకు మిగిలేది దూరంగా పోతున్న వీపులు. చలికాలపు చిన్న పగటిలో తిండికి పెట్టాల్సిన సమయాన్ని, బలాన్ని అవి మీ కోసం పారిపోవడానికి ఖర్చు పెడతాయి. కదిలే పడవలో స్కోప్ పనికిరాదు, బైనాక్యులర్సే గతి. మోకాలి నొప్పి ఉన్న మనిషికి ఊగే పడవలో కూర్చోవడం నిలబడడం కంటే సుఖమేమీ కాదు. అతన్ని మరో పనికి పెట్టండి. కారు అతన్నే నడపమనండి. మంచు రోడ్ల మీద ఒకరు బండి చూసుకుంటే మీ ఇద్దరూ నీళ్లు చూడవచ్చు.

చివరిది, ఒంటరిగా వెళ్లడం. అదీ ఒక దారే, దాన్ని నేరంలా చూడకండి. ఒక్కరే వెళితే తెల్లవారుజామున కొసల మీద గాలిలో నిలబడవచ్చు, ఇష్టమైనంతసేపు ఒకే గుంపును జల్లెడ పట్టవచ్చు. పక్షులు ఎక్కువే దొరుకుతాయి. దానికి చెల్లించాల్సింది ఉంటుంది. మీకు ఈ పిచ్చి పట్టించిన మనిషి ఇంట్లో ఉండగా మీరు ఆ పక్షుల ఫొటోలు తెచ్చి చూపిస్తారు. ఆవిడ సంతోషిస్తారో, చిన్నబుచ్చుకుంటారో నాకంటే మీకే తెలుసు. అలా వెళ్లదలిస్తే "నాకు ఈసారి ఒక్కదాన్నే వెళ్లాలని ఉంది" అనండి. "నీ మోకాళ్లు తట్టుకోవు అక్కా" అని మాత్రం అనకండి. మొదటి మాటకు ఆవిడ కోపం తెచ్చుకుని మర్చిపోతారు. రెండోది ఆవిడ వయసు గురించి మీరు చేసిన తీర్పవుతుంది. పైగా అది నిజమూ కాదు, వస్తానన్నారుగా.

నడిమి దారి ఒకటుంది. ఇద్దరూ వెళ్లి రోజును పంచుకోవడం. పొద్దున్నే మీరొక్కరే కొస మీదికి, ఆవిడ వెచ్చగా పడుకుంటారు. తర్వాత రేవులో ఇద్దరూ కలిసి. దీనికి ముందే రెండు విషయాలు తేల్చుకోవాలి. చాలు, వెళ్దాం అనే మాట ఎవరు అంటే అది చెల్లుతుందో మొదటిది. చలి విషయంలో ఆ హక్కు అక్కదే అయితే మంచిది. రెండోది, ఏదైనా గుర్తు ఇద్దరికీ కనబడేదాకా పక్షికి పేరు పెట్టకూడదు. అప్పటిదాకా పుస్తకంలో "ఏదో స్కోటర్", "ఏదో ఈడర్". మీకు ఇది కష్టంగానే ఉంటుందని మీ ఉత్తరం చదివినవాళ్లెవరైనా చెబుతారు.

నన్నడిగితే, ముందు దగ్గరి తీరానికి వెళ్తాను. ఆడ కింగ్ ఈడర్ కోసం కాదు, అది కనబడితే లాభం. గాలి నేల మీద నుంచి సముద్రం వైపు మెల్లగా వీచే రోజు చూసుకుని, అక్కను వెంటపెట్టుకుని, కుర్చీ, పొట్టి ట్రైపాడ్, కిటికీ క్లాంప్ అన్నీ ఆ ఒక్క రోజు వాడి చూస్తాను. పోటు ఎక్కుతున్న వేళకు చేరుకుంటే గుంపు గట్టుకు దగ్గరగా రావచ్చు. పక్షులు చూసేవాళ్లు తమ నివేదికలు పెట్టే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఆ తీరం నుంచి ఈ నెలలో వచ్చిన నివేదికలు చూస్తే ఏ వంపులో కూర్చోవాలో తెలుస్తుంది. చలికాలం చివర్లో మగ ఈడర్లు తలలు వెనక్కి విరిచి కూసే కూతలు గట్టుదాకా వినబడతాయి, పక్షి దొరక్కపోయినా ఆ రోజు ఖాళీగా పోదు. అక్క ఎంతసేపు కూర్చోగలదో, మీరు ఎంతసేపు మాట తూలకుండా ఉండగలరో రెండూ అక్కడే తేలిపోతాయి.

ఆ తర్వాతే వరాంగర్ టికెట్లు. ఈలోగా సీట్లు తగ్గిపోతాయని భయమైతే రద్దు చేసుకోగలిగే గదులు, కారు మాత్రం పట్టి ఉంచండి. హైడ్ సంగతి అక్క నిర్ణయించాక చూడవచ్చు. మీ స్నేహితుడికి ఫోన్ చేసి ఆ ఆడపక్షి గుంపులో ఏ వైపు ఉంటోందో, పోటుకు ఎటు కదులుతోందో అడగండి. వెళ్లే రోజు మాత్రం ఆయన్ని అడగకండి, వాతావరణ సూచన చూసి మీరే ఖాయం చేసుకోండి.